మీరెప్పుడొస్తారు

పదకొండు గంటల పేషెంటు రాలేదు. రాడని కొత్తమ్మాయికి నిన్ననే అనుమానం వచ్చింది, ఫోనులో "తప్పకుండా వస్తానండీ, తప్పకుండా" అని రెండుసార్లు అన్నాడు కాబట్టి. వచ్చేవాడు ఒక్కసారే అంటాడు. కొత్తమ్మాయి అంటే నిజానికి అమ్మాయేమీ కాదు. ముప్ఫై ఐదు నిండాయి, మూడో తరగతి చదివే కూతురుంది. చెవి డాక్టరుగారి దగ్గర వినికిడి పరీక్షలు చేసే పనిలో చేరి నాలుగు నెలలైనా ఆ పేరు వదల్లేదు, అంతే. వదల్లేదా, వదలనివ్వడం లేదా అన్నది వేరే సంగతి. కొత్తమ్మాయి వచ్చిందా, కొత్తమ్మాయినడగండి, అది కొత్తమ్మాయి కప్పు ముట్టుకోకండి. ఈ చివరిది చెవిన పడ్డ రోజున తన కప్పును ఎందుకు ముట్టుకోకూడదన్నారో, దానికేం అంటిందనుకున్నారో అని సాయంత్రందాకా మథనపడింది. అలాంటి మనిషి చేతిలో ఇప్పుడు ఒక ఖాళీ గంట పడింది. పన్నెండింటికి డాక్టరుగారికి మాట చెప్పాలి. రెండేళ్ళు ఇక్కడే పనిచేస్తానని సంతకం పెట్టాలి, లేదా నెలాఖరుకి సామాను సర్దుకుని ఇంటికి పోవాలి, మధ్యస్థంగా ఉండటం కుదరదని ఆయన మెత్తగానే చెప్పారు. కాగితం బల్ల మీద ఉంది. గంటసేపూ ఆలోచించాల్సింది దాని గురించే. కానీ ఆమె బుర్రలో తిరుగుతున్నది కాగితం కాదు, పొద్దున తొమ్మిదింటికి ఫోనులో కూతురు అన్న మాట. అమ్మా, మీరెప్పుడొస్తారు?

మీరు. ఆ ఇంట్లో ఆ మాట అత్తగారొక్కరి సొత్తు. పెళ్ళయిన కొత్తల్లో మొగుణ్ణి నువ్వు అన్నందుకు అత్తగారు మూడు రోజులు ముభావంగా తిరిగింది, నాలుగో రోజున గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టింది, మా కాలంలో అయితే ఇలా కాదమ్మా అని మూకుడుకి చెప్పుకుంది. అయినా అలవాటు మారలేదు. మొగుడికి లేని పట్టింపు మూకుడికెందుకని కొత్తమ్మాయి ఊరుకుంది. తరవాత కూతురు పుట్టింది, ఒకచోట నిలవదు, మాటల్ని గింజల్లా ఏరుకు తింటుంది, అందుకే పిచ్చుక అయింది. పిచ్చుకకు మాటలు వచ్చీరాగానే మొదట పట్టుబడింది నువ్వే. నువ్వు లే, నువ్వు దా, నువ్వు కథ చెప్పు, నువ్వు నా పక్కన పడుకో నాన్న గోడ పక్కన. ఆ నువ్వులో ఎంత పెత్తనం ఉండేదో. పిచ్చుక మీరు అనేది ఎవర్ని? బళ్ళో టీచర్ని, సూదిమందు పొడిచే డాక్టర్ని, ఏడాదికోసారి వచ్చి బుగ్గ గిల్లి ఏ తరగతమ్మా అని అడిగి వెళ్ళిపోయే చుట్టాల్ని. ఆ జాబితాలోకి తను ఎప్పుడు ఎక్కింది, ఎవరు ఎక్కించారు? నాలుగు నెలల్లో పిల్లలు మరిచిపోతారని ఎవరో అంటే నవ్వింది గానీ, పిల్లలు మరిచిపోరు, మర్యాద చేస్తారు, అదే ఇంకా అన్యాయం. ముఖం మరిచిపోయినా మళ్ళీ చూపించవచ్చు, మర్యాద ఒకసారి మొదలుపెట్టాక ఆపమని ఎవర్ని అడుగుతాం.

ఆ మాట తరవాత ఫోనులో ఏం జరిగిందో వరసగా చెప్పగలదు, చెవులే కదా ఆమె బతుకు. ముందు ఎవరో ష్ అన్నారు. ష్ అనేది సన్నని శబ్దం, వయసు మళ్ళిన చెవులు మొట్టమొదట పోగొట్టుకునేది అలాంటివాటినే. అన్నది అత్తగారే, తను అన్నది తనకే సరిగా వినపడదు కాబట్టే ఫోను పగిలిపోయేంత గట్టిగా అంది. తరవాత ఒక గరగర, ఫోను చేయి మారింది. దూరంగా ఎవరిదో నవ్వు. నాలుగు రోజులుండి పోదామని వచ్చి మూడు వారాలైనా కదలని ఆడపడుచుదే ఆ నవ్వు, అందులో సందేహం లేదు, నవ్వి చివర్లో గాలి లోపలికి పీలుస్తుంది. "పాలు పొంగుతున్నాయమ్మా, తరవాత మాట్లాడదాం" అంది అత్తగారు. ఆ ఇంట్లో పాలు కాచేది ఆరున్నరకి. తొమ్మిదింటికి పొంగే పాలు ఎక్కణ్ణించి వచ్చాయి? శనివారం, బడి లేదు, ఆలస్యంగా లేచారేమో అనుకుందామంటే అత్తగారు బుద్ధెరిగాక ఆలస్యంగా లేచిన దాఖలా లేదు. "మీ అబ్బాయేడత్తయ్యా" అని అడిగితే "బయటికెళ్ళాడు" అంది. "ఎక్కడికి?" అంటే "బయటికేనమ్మా" అంది. అతని ఫోను రాత్రి పదింటి నించి స్విచ్చాఫ్. మొన్న పంపిన ఫోటోలో పిచ్చుక పాపిడి పక్కకి తీసి ఉంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఆ తలకి నడిమి పాపిడే, తనే తీసేది, దువ్వెన కొసతో ముక్కు సూటిగా. పాపిడి పక్కకి తీసిన చెయ్యే నోట్లో మీరు పెట్టిందా అని ఆరా తీయడానికి దారి లేదు, ఆడపడుచు ఎదురుగా లేదు, ఉన్నా నవ్వుతుంది.

బయట ముందు బల్ల దగ్గర పేషెంట్ల పేర్లు రాసుకునే ఆవిడ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. ఆ గొంతు భరించలేక కొత్తమ్మాయి పరీక్ష గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గదంటే గది కాదు, మనిషి పట్టే పెట్టె, గోడలకీ తలుపుకీ లోపల మందపాటి మెత్త, ఒక కుర్చీ, ఒక స్టూలు, చిన్న అద్దాల కిటికీ. తలుపు పడగానే లోకం గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది, ఫోనుకు సిగ్నల్ కూడా రాదు. రెండు నిమిషాలు కూర్చుంటే మన ఒంట్లో చప్పుళ్ళు మనకే వినపడతాయి, మింగిన గుటక, మెడ తిప్పితే ఎముకల కిర్రు. చాలామందికి భయం వేస్తుంది. ఈ కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చి, కూత వినపడ్డప్పుడల్లా నొక్కండి అని చెబుతుంది. ఆమె బయట కూర్చుని కూతలు పంపుతుంది, ఒకదాని తరవాత ఒకటి వరసగా కాకుండా, వాళ్ళు లెక్క పట్టకుండా, ఆగి ఆగి. మనుషుల మీద నమ్మకం పోవాలంటే ఈ పని చేస్తే చాలు. వినపడినా నొక్కనివాళ్ళు ఉంటారు, వినపడ్డం లేదని కాగితం కావాలి వాళ్ళకి. కొందరు ఆమె చెయ్యి కదిలిందేమోనని అద్దంలోంచి ఓరగా చూస్తారు. అందరికన్నా జాలి వేసేది ఏ కూతా పంపకపోయినా నొక్కేవాళ్ళు. మోసం చేద్దామని కాదు. వినాలని అంత ఆశ, చెవి పోయిందంటే ఒప్పుకోలేరు, నిశ్శబ్దంలోంచి కూత పుట్టించుకుని మరీ నొక్కుతారు. వాళ్ళ కాగితం మీద ఆమె చిన్న గుర్తు పెడుతుంది, జవాబులు నమ్మదగినవి కావు అని. పొద్దున తను విన్నది అలాంటిదేనా? నువ్వెప్పుడొస్తావు అన్నదాన్ని తనే మీరెప్పుడొస్తారు చేసుకుందా? లేదు. ఆ చివరి రు ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. చెడ్డది వినాలని ఎవరికి ఆశ ఉంటుంది, తనకి తప్ప.

వచ్చిన కొత్తల్లో ఈ పెట్టెలో కూర్చునే భోజనం చేసేది. బయల్దేరే ముందురోజు పొద్దున వంటింటి గడప దగ్గర ఫోను పెట్టి ఏడు నిమిషాలు రికార్డు చేసుకుంది, ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు. మధ్యాహ్నం పెట్టెలో తలుపు వేసుకుని పరీక్ష హెడ్‌ఫోన్లలో ఆ ఏడు నిమిషాలూ వినేది. గిన్నె మీద మూత జరుగుతుంది. కుళాయి మూడు చుక్కలు రాల్చి ఆగుతుంది. అతను గొంతు సవరించుకుంటాడు, అచ్చాఫీసులో రోజంతా ప్రూఫులు దిద్ది దిద్ది దుమ్ము పట్టిన గొంతు. "నా రెండో చెప్పేదీ" అని పిచ్చుక. "కాలికే ఉందేమో చూడవే" అని అత్తగారు. గేటు గొళ్ళెం. మొదటి నెలంతా అది విని ఏడ్చింది, దాచుకోవడానికేముంది, బాగా ఏడ్చింది, బయటికొచ్చాక జలుబని పొడిదగ్గు దగ్గేది. ఇప్పుడు వెతికితే అది ఫోనులో ఎక్కడో అడుగుకి పోయింది. చివరిసారి విన్న తేదీ చూస్తే పందొమ్మిది రోజుల కిందటిది. కొత్తమ్మాయికి ఫోను మీద అనుమానం వచ్చింది. ఈ ఫోన్లకు తేదీలు తారుమారు చేయడం మామూలే, లేకపోతే ముందు బల్లావిడ ఎప్పుడైనా కెలికిందేమో, మొన్న చార్జింగు పెట్టమని తనే ఇచ్చింది కూడాను. పందొమ్మిది రోజులు తను వినకపోవడం ఏమిటి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. మూత, చుక్కలు, గొంతు, చెప్పు. అన్నీ ఉన్నాయి. ఎన్నోసార్లు విన్నదే, ఇవాళ మాత్రం ఒకటి కొత్తగా తట్టింది: ఆ ఏడు నిమిషాల్లో తన గొంతు లేదు. రికార్డు చెడకూడదని అప్పుడు నోరు మెదపకుండా పక్కన నిలబడింది. ఆ ఇల్లు తను లేకుండానే నిండుగా ఉంది, ఎవరూ వెతకడం లేదు, ఒక్క చెప్పు కోసం తప్ప. హెడ్‌ఫోన్లు తీసేసింది.

ఊరు మంచిదే, అందులోనే ఉంది మతలబు. కూరగాయలావిడ లేత బెండకాయలు ఆమెకోసం వేరే గంప కింద దాచిపెడుతుంది; ఎందుకు, ఇంకెవరికీ దాచనిది? బస్సు డ్రైవరు ఆమె సందు మలుపు తిరగడం చూస్తే కాసేపు ఆపుతాడు, ఎక్కాక ఏమీ అనడు, ఏదైనా అంటే బావుండేది. వాన పడ్డ రోజున ముందు బల్లావిడ తన గొడుగు ఇచ్చి తను తడుస్తూ పోయింది, తిరిగిచ్చేదాకా కొత్తమ్మాయికి కంటి మీద కునుకు లేదు, మర్నాడు ఏం అడుగుతుందో అని; ఆవిడ ఏమీ అడగలేదు, అది ఇంకా గుబులు. పైవాటాలో ఎవరో కుర్చీ ఈడుస్తారు, మొదట్లో తన తల మీద కావాలనే ఈడుస్తున్నారనుకునేది, ఇప్పుడు ఆ కుర్చీ ఈడ్చాకే నిద్రపడుతుంది, అదేం రోగమో. ఇంటి ఓనరమ్మ పోయిన వారం "మీ మొక్కకి నీళ్ళు పోశానమ్మా, వాడిపోయింది" అంది. తాళం వేసిన గదిలో మొక్కకి నీళ్ళెలా పోసింది అని నిలదీయబోయి, మొక్క కిటికీ బయటి గట్టు మీదే ఉందని గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. అసలు మొక్క ఎందుకు కొన్నావని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు సిద్ధంగా ఉంది, కిటికీ బోసిగా ఉందని. నాలుగు నెలలుండి పోయేవాళ్ళకి కిటికీ బోసిగా ఉంటేనేం అని అడిగే బుద్ధిమంతుడు ఆ ఊళ్ళో లేకపోయాడు.

పని సంగతి వేరు. పని మీద మాత్రం ఆమె అనుమానాలేవీ సాగవు. సొంత ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు చెవి విభాగం ఎత్తేశాక ఐదేళ్ళు కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు తుడిచింది, చదివింది చెవి, తుడిచింది కళ్ళద్దాలు, ఇదీ నా చదువని తనమీద తనే హాస్యాలాడుకుంది గానీ లోపల ఏదో తుప్పు పడుతూనే ఉంది. ఇక్కడికి వచ్చిన రెండో వారంలో ఒక వడ్రంగాయనకి చెవి మిషను పెట్టింది. పెట్టి, భార్యను మాట్లాడమంది. భార్య ఏదో అంది. ఆయన కాసేపు ఆమె నోటి వైపే చూసి, "ఇన్నాళ్ళూ నువ్వే నెమ్మదిగా మాట్లాడుతున్నావనుకున్నానే" అన్నాడు. భార్య నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం కొత్తమ్మాయి బస్సెక్కకుండా నడిచి వెళ్ళింది, కాళ్ళలో అంత సత్తువ ఎప్పణ్ణించి ఉందో తనకే తెలీదు. ఆ సంగతి మొగుడికి ఫోనులో చెబితే సంతోషించాడు, పిచ్చుకకు చెబితే "ఆ తాత పేరేంటి, ఆయన రంపం పెద్దదా చిన్నదా, నువ్వు చూశావా" అని ప్రాణం తీసింది. నువ్వు చూశావా. అప్పటికింకా నువ్వే. కాబట్టి ఏం జరిగినా తరవాతే జరిగింది.

ఎప్పణ్ణించని తీగ లాక్కుంటూ పోతే వారం దగ్గర ఆగింది. వారం నించీ అతను ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. తిన్నావా, తిన్నాను, ఉద్యోగం ఎలా ఉంది, బానే ఉంది. మాటకి మాట పొడిగించే మనిషి, ప్రూఫులో ఒక ఒత్తు ఎగిరిపోతే అర్థం ఎలా తలకిందులైందో గంటసేపు నవ్వుతూ చెప్పే మనిషి, ఇలా తంతి భాషలోకి దిగాడంటే ఏదో ఉంది. ఇంకెవరైనా ఉన్నారా అన్న ఆలోచన రానే వచ్చింది, వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. అచ్చాఫీసులో ఎవరున్నారు, ముసలి కంపోజరు, పిల్లి. పిల్లి సంగతి వదిలేద్దాం. కాదు, ఇది అది కాదు. వాళ్ళందరూ కలిసి ఏదో అనుకున్నారు. ఆమె లేకుండా ఎలా నడుపుకోవాలో ఒక పద్ధతికి వచ్చారు, పాపిడి ఎవరు తీయాలి, పక్కన ఎవరు పడుకోవాలి, ఆవిణ్ణి ఏమని పిలవాలి. రెండేళ్ళ మాట అందరికీ తెలుసు, తనే చెప్పింది. రెండేళ్ళు కానివ్వండి, అలవాటు చేసుకుందాం, మర్యాదగా ఉందాం. తప్పు పట్టడానికీ లేదు. వచ్చింది తను. ఎవరూ తోసేయలేదు, ఆ రోజు గేటు గొళ్ళెం తనే వేసుకుంది. పిల్ల నోట్లోంచి ఒక్క నువ్వు పోయిందంటే ఇక్కడ ఎన్ని చెవులు బాగుచేసి ఏం లాభం. అంతే, తేల్చుకుంది. సంతకం పెట్టదు. డాక్టరుగారితో క్షమించండి, ఇంట్లో పరిస్థితి బాలేదు అంటుంది, ఆయన ఏమైంది అంటే చెప్పదు, మా అమ్మాయి నన్ను మీరు అందండీ అంటే ఆయనకేం అర్థమవుతుంది, ఆయన్ని అందరూ మీరే అంటారు. నెలాఖరుదాకా ఎందుకు, రేపే పోతే? మొక్కని ఓనరమ్మకి ఇచ్చేస్తే సరి, ఎలాగూ ఆవిడ కన్ను దాని మీదే ఉంది. మనసు ఒక పక్కకి ఒరిగాక తేలికపడాలి కదా, పడలేదు. వడ్రంగాయన వచ్చే మంగళవారం రెండో చెవికి వస్తాడు, ఆ చెవి ఎవరు చూస్తారు అనిపించింది. అనిపించనిచ్చి ఊరుకుంది.

తలుపు పిడి తిరిగింది. మెత్తలోంచి బయటి చప్పుడంతా ఒక్కసారి మీద పడింది. ముందు బల్లావిడ తల లోపలికి పెట్టింది. "ఇక్కడున్నావా కొత్తమ్మాయ్. నీ పదకొండు గంటలాయన వచ్చి అరగంటైంది. బెంచీ మీద కూర్చోబెట్టాను. పేరడిగితే నవ్వుతాడు, వయసడిగితే నవ్వుతాడు. ఒక్క ముక్క వినపడ్డట్టు లేదు పాపం" అని, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, నోరు పెద్దగా తెరిచి, లోపలికి రండీ అని ఊరంతా వినపడేలా అరిచింది. వచ్చినాయన చేతిలో సంచీ ఉంది, గడ్డం మాసి ఉంది, చొక్కా రాత్రంతా బస్సులో నలిగి ఉంది. పిచ్చుక నాన్న.

ముందు బల్లావిడ తలుపు వేసుకుని పోయింది. అతను పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. కొత్తమ్మాయి స్టూలు మీద కూర్చుంది, నిలబడే ఓపిక లేక.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. ఫోనులో చార్జింగు అయిపోయింది, అంతే. నీకు చెప్పకుండా వద్దామనుకున్నాను. పేరు చెబితే నీకు తెలిసిపోతుందని బయట నవ్వి ఊరుకున్నాను."

"నిజం చెప్పు."

"నిజమే. ఏంటలా చూస్తున్నావు, దొంగని చూసినట్టు."

అడగాల్సినవి పదున్నాయి, ఫోను, పాలు, పాపిడి, నవ్వు. నోట్లోంచి వచ్చింది ఒకటే. "పిల్లకి నన్ను మీరు అనమని ఎవరు నేర్పారు? అత్తయ్యా, మీ చెల్లెలా?"

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకుని నవ్వాడు, చేతిలో ఉన్న మీటను అటూ ఇటూ తిప్పుతూ. "చెప్పేసిందన్నమాట. నోరాగదు దానికి. నిన్ను కాదే మీరు అన్నది. మనిద్దర్నీ. నేను అమ్మ దగ్గరికెళ్తున్నాను, ఇద్దరం కలిసొస్తాం, అమ్మకి మాత్రం చెప్పొద్దు అన్నాను. దాని నోరు కాయమని మా అమ్మకి కూడా చెప్పొచ్చాను. మీరెప్పుడొస్తారు అంటే నువ్వూ నేనూ. దానికి నువ్వు ఎప్పుడూ నువ్వేగా, నిన్ను మీరెందుకంటుంది."

కొత్తమ్మాయికి, ఆ పెట్టెలో కూర్చుని గంటసేపు అత్తగారికీ ఆడపడుచుకీ పాలగిన్నెకీ కట్టిన పాపాలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి, సిగ్గేసింది, సిగ్గుతోపాటు పట్టరాని సంతోషం. నువ్వు పోలేదు. ఎక్కడిదక్కడే ఉంది. లేచి అతని తల నిమరబోయి, చెయ్యి మధ్యలో ఆగింది. అనుమానపు మనిషి కదా, సంతోషంలో కూడా చెవి పనిచేస్తూనే ఉంటుంది.

"ఇద్దరం కలిసొస్తామని ఎందుకన్నావు?"

అతను మీట కిందపెట్టాడు. "పోయిన ఆదివారం మార్కెట్‌లోంచి ఫోన్ చేశావు. గుర్తుందా. చేతుల్లో సంచులున్నాయి, ఇంటికెళ్ళి మాట్లాడతా అన్నావు."

"అంటే?"

"ఇంటికి అన్నావు. ముందెప్పుడూ గదికి అనేదానివి. రూముకెళ్ళి చేస్తా, గదికెళ్ళి చేస్తా. నాలుగు నెల్లూ అదే మాట. ఆదివారం ఇంటికి అన్నావు."

"నేననలేదు."

"స్పీకర్లో పెట్టాను, పిచ్చుక నా పక్కనే ఉంది. అమ్మ ఇంటికొచ్చేస్తోందని చెప్పులేసుకుని పోయి గేటు దగ్గర కూర్చుంది. ఇల్లంటే మనిల్లేగా దానికి. చీకటి పడేదాకా లోపలికి రానంది. అప్పుడు నేనేం చెప్పను. నేనెళ్ళి తీసుకొస్తాలే అన్నాను." ఆగి, మెల్లగా అన్నాడు, "నిన్ను కోప్పడటానికి రాలేదు. ఆ ఇల్లేదో చూద్దామని వచ్చాను."

అననేలేదు అని మళ్ళీ అనబోయింది. కానీ గోడల మెత్తకి ఆవల ఏ చప్పుడూ లేని ఆ పెట్టెలో తన గొంతు తనకే వినపడింది, ఆదివారం నాటిది, చేతుల్లో సంచులు కోసుకుపోతుంటే, లేత బెండకాయలు పైన పెట్టుకుని, ఎండలో, ఇంటికెళ్ళి మాట్లాడతా. అంది. తడుముకోకుండా, ఆలోచించకుండా, ఎవరూ నేర్పకుండా అంది. ఊరందరి మాటల్లో తేడాలు పట్టే చెవి తన నోటి మాటను పట్టలేదు. ఇంట్లోవాళ్ళు తనని ఎక్కడ దూరం పెడతారోనని వారంగా కాపలా కాస్తోంది, దూరం జరిగింది వాళ్ళు కాదు, తనే, ఎప్పుడో ఏమో, కుర్చీ ఈడ్చిన చప్పుడుకి నిద్రపట్టిన రోజునో, మొక్క కొన్న రోజునో. అందులో తప్పేముందో తెలీదు. అతని ముఖం చూసింది. అందులో కోపం లేదు, అడగడం కూడా లేదు. ప్రూఫు దిద్దేవాడు తప్పు చూపిస్తాడు, మార్చడం మార్చకపోవడం రాసినవాళ్ళ ఇష్టం.

ముందు బల్లావిడ మళ్ళీ తలుపు తీసింది. "డాక్టరుగారు కాగితం తెమ్మంటున్నారు. ఈయనకి ఎలా ఉంది, బొత్తిగా లేదా?"

"బాగానే వినపడుతుందండీ" అంది కొత్తమ్మాయి. "వస్తున్నానని చెప్పండి."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. సిగ్నల్ తగలగానే చేతిలో ఫోను మోగింది. అత్తగారి నంబరు, కానీ పాలకోసం కాదు, ఎత్తగానే అవతల ఊపిరాడకుండా పిచ్చుక.

"నాన్నొచ్చాడా?"

"వచ్చాడమ్మా."

"చెప్పేశాడా? నేను చెప్పలేదు, నానమ్మనడుగు. ఇంతకీ మీరెప్పుడొస్తారు?"

కొత్తమ్మాయి అతని వైపు చూసింది. అతను గోడకున్న చెవి బొమ్మను, లోపలి ఎముకల పేర్లతో సహా, చాలా శ్రద్ధగా చదువుతున్నాడు. బల్ల మీంచి తీసుకున్న కాగితం ఆమె కుడిచేతిలో ఉంది. డాక్టరుగారి గది నాలుగడుగుల దూరం.

"నాన్న రేపు రాత్రికల్లా వచ్చేస్తాడు."

అవతల ఊపిరి దగ్గరగా వినపడింది.

"మరి నువ్వు?" అంది పిచ్చుక.

పొద్దున్నించి తను ఏ మాటకోసం చచ్చిపోయిందో ఆ మాట. వచ్చింది, పెత్తనంతో సహా, ఏమీ పోకుండా. కొత్తమ్మాయి కాగితాన్ని గోడకి ఆనించి, అది నలగకుండా అరచేత్తో అదిమి పట్టుకుంది.

"నేనుంటానమ్మా" అంది.

"అప్పుడే పెట్టేస్తావా?" అంది పిచ్చుక. "ఉండు. నేనింకేం చెప్పనేలేదు."